‘తర్వాత ఏమైంది సార్?’

మొన్న ఆగస్టు 23న ప్రకాశం పంతులుగారి జయంతి సందర్భంగా కందుకూరులోని ఒక పాఠశాలలో వక్తృత్వ పోటీ పెట్టి, నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. పద్నాలుగు మంది పిల్లలు మాట్లాడారు. పద్నాలుగు మందీ సైమన్ కమిషన్ రోజు దగ్గరికి రాగానే చొక్కా గుండీలు విప్పుతున్నట్టు చేతులు కదిపి, గొంతు పెంచి, ఒక్కొక్కరు ఒక్కో విధంగా ఆ మాట అన్నారు. ఒకరు ‘ధైర్యముంటే కాల్చండి’ అన్నారు, ఇంకొకరు ‘ముందు నన్ను కాల్చండి’ అన్నారు, ఒక చిన్నవాడు ‘కాల్చండిరా’ అని బల్ల మీద చెయ్యి వేశాడు. ప్రతిసారీ చప్పట్లు మోగాయి. నేనూ చప్పట్లు కొట్టాను, మార్కులు వేశాను, బహుమతులు ఇచ్చాను.

అంతా అయిపోయి నేను బయటికి వస్తుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వరండాలో ఆపింది. ఆమెకు బహుమతి రాలేదు. ‘సార్, తర్వాత ఏమైంది?’ అని అడిగింది. ఎప్పుడమ్మా అన్నాను. ‘ఆయన చొక్కా విప్పిన తర్వాత సార్. తుపాకీ పట్టుకున్నవాళ్ళు ఏం చేశారు? ఆయన ఏం చేశారు? ఆ తర్వాత ఏమైంది?’

కాల్చలేదమ్మా, వెనక్కి తగ్గి దారి ఇచ్చారు అని చెప్పాను. ఆ అమ్మాయి ఇంకా ఏదో వస్తుందని చూసింది. నా దగ్గర అప్పటికి అంతకంటే సిద్ధంగా ఉన్న వాక్యం లేదు. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠం చెబుతున్నవాణ్ణి, ఆ మనిషి పేరు పెట్టుకున్న జిల్లాలో పుట్టినవాణ్ణి. ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒక మాట ప్రసిద్ధం కావడమంటే, దాని తర్వాత ఏమైందో ఎవరూ అడగనవసరం లేకుండా పోవడమేనా అన్న అనుమానం కలిగింది. ఆ అమ్మాయికి అక్కడే చెప్పవలసిన జవాబును ఇక్కడ కొంత రాస్తున్నాను.

మా కందుకూరు వాళ్ళకు జిల్లా పేరు స్థిరంగా ఉండదు. మా తాత కాలంలో ఇది నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలు కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు కందుకూరు అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. 2008లో నెల్లూరు జిల్లా పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను తిరిగి విభజించినప్పుడు మా ఊరు మళ్ళీ నెల్లూరులో కలిసింది. అంటే ఇల్లు మారకుండానే మా చిరునామాలో ఒక మహానుభావుడి పేరు తీసేసి ఇంకొక మహానుభావుడి పేరు రాసుకున్నాం. ఇద్దరూ మాటకు ప్రాణం ఒడ్డినవాళ్ళే. ఇద్దరి విషయంలోనూ ఒక్క దృశ్యం మిగిలి, తక్కిన జీవితమంతా దాని వెనక్కి పోయింది.

ముందు పంతులుగారి సంగతి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు దేశమంతటా హర్తాళ్ జరిగింది. ‘సైమన్ గో బ్యాక్’ అన్న నినాదాన్ని బొంబాయికి చెందిన యూసఫ్ మెహరల్లీ రూపొందించారని చెబుతారు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని జనం కూడా దాన్ని సొంత మాటలా అందుకున్నారు. మూడు మాటల నినాదంలో ఎవరు, ఏమి చేయాలి అన్న రెండూ ఇమిడి ఉండటం వల్ల అది భాషను దాటి పోగలిగింది. మద్రాసులో ప్యారీస్ కార్నర్ దగ్గర పోలీసుల కాల్పుల్లో ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడటానికి ప్రకాశం వెళ్ళబోతే తుపాకులు అడ్డం పెట్టారు. అప్పుడే ఆయన రొమ్ము చూపించారు. ఇక్కడ నేను గమనించిన సంగతి ఒకటి ఉంది. ఆయన సరిగ్గా ఏ మాట అన్నారో ఎవరికీ ఒకే విధంగా గుర్తు లేదు. పద్నాలుగు మంది పిల్లలు అన్ని రకాలుగా చెప్పడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆ రోజు మాట్లాడింది గొంతు కంటే ఎక్కువగా ఒళ్ళు. జనం ఆ చేష్టను పట్టుకుని, దానికి తమకు తోచిన వాక్యాన్ని తొడిగారు.

అయితే ఆ రొమ్ము వెనక ఉన్న మనిషిని చూడాలంటే కొంచెం వెనక్కీ, చాలా ముందుకూ వెళ్ళాలి. మద్రాసులో బారిస్టరుగా బాగా సంపాదించిన మనిషి 1921లో ప్రాక్టీసు వదిలి ‘స్వరాజ్య’ అనే ఇంగ్లీషు దినపత్రిక పెట్టారు. ఆస్తి అందులో కరిగిపోయింది. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యాక జమీందారీ రైతుల స్థితిగతులపై ఏర్పాటైన కమిటీకి అధ్యక్షత వహించారు. భూమికి యజమాని రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసుకునేవాడు మాత్రమేననీ ఆ కమిటీ తేల్చి చెప్పింది. వెంకటగిరి జమీందారీ కింద నలిగిన నెల్లూరు రైతులకు ఆ వాక్యం ఎంత పెద్దదో ఆలోచించండి. రొమ్ము చూపించిన దృశ్యంలో చప్పట్లు ఉన్నాయి. రైతు యజమాని అన్న వాక్యంలో తరాల బతుకుతెరువు ఉంది. మా పిల్లల ప్రసంగాల్లో రెండోది ఒక్కరి నోటా రాలేదు. వాళ్ళ తప్పు కాదు. మేము చెప్పలేదు.

ఆ అమ్మాయి అడిగిన ‘తర్వాత’లో చేదైన భాగం కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా ప్రకాశం మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. మద్రాసు రాష్ట్రం నుంచి వారసత్వంగా మద్యనిషేధం వచ్చింది. నిషేధం వల్ల కల్లుగీతే జీవనాధారంగా ఉన్న కుటుంబాలకు కూడు పోయింది. దానిపై విచారణకు వేసిన రామమూర్తి కమిటీ నిషేధాన్ని ఎత్తివేయమని సిఫారసు చేస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీత కార్మికులు ఆందోళనకు దిగారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చి, ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. తుపాకీ ముందు నిలిచిన మనిషి శాసనసభలో ఒక్క ఓటు ముందు నిలవలేకపోయారు. మద్యనిషేధం అనే మాట గాంధీగారి కాలం నుంచి ఎదురులేని మాట. ఎవరూ పైకి కాదనలేరు. కాదనలేని మాట ప్రభుత్వ విధానమైనప్పుడు దాని కింద పడిన గీత కార్మికుడి మాట వినిపించడానికి ఎంత గొడవ కావాల్సి వచ్చిందో ఇందులో కనిపిస్తుంది. నేను పంతులుగారిని తగ్గించడానికి ఇది రాయడం లేదు. ఆయన మీద గౌరవం ఈ భాగం తెలిశాకే నాలో పెరిగింది.

ఇక శ్రీరాములుగారి సంగతి. ఈయన గురించి ఏ సభలోనైనా ముందు వినిపించేది ఆయన మాట కాదు, గాంధీజీ అన్నట్టుగా చెప్పే మాట. ఇలాంటివాళ్ళు పదకొండు మంది ఉంటే ఏడాదిలో స్వరాజ్యం తెస్తానని గాంధీజీ అన్నారట. ఆ మాట మనకు గర్వంగానే ఉంటుంది. కానీ ఒక మనిషి గొప్పదనాన్ని ఇంకొక గొప్పవాడి కితాబుతో నిలబెట్టడం అలవాటై, ఆ మనిషి స్వయంగా ఏం చెప్పాడన్నది అడగడమే మానేశాం.

ఆయన చెప్పింది నోటితో తక్కువ, ఒంటి మీద ఎక్కువ. రైల్వే ఉద్యోగం చేసి, భార్యనూ బిడ్డనూ పోగొట్టుకుని, సబర్మతి ఆశ్రమంలో చేరిన మనిషి చివరి సంవత్సరాల్లో నెల్లూరులో ఉన్నారు. హరిజనుల ఆలయ ప్రవేశం కోసం, వారి అభ్యున్నతి కోసం రాసిన అట్టలు పట్టుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా, నెత్తిన గొడుగు లేకుండా నెల్లూరు వీధుల్లో తిరిగేవారు. నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఈ ఒక్క వాక్యం చాలు. ఆయన ఎవరో తెలియనివాళ్ళు పిచ్చివాడనుకున్నారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష పట్టి సాధించారు. ఆ తర్వాత చేసిన ఇంకొక దీక్ష ఫలితంగా, కలెక్టర్లు వారానికి కనీసం ఒక రోజు ఈ పనులు చూడాలని మద్రాసు ప్రభుత్వం ఆదేశం ఇచ్చింది. ఆ ఆదేశంలోని ‘వారానికి ఒక రోజు’ అన్న మాట నాకు చాలా ఇష్టం. ‘సమానత్వం’ అని గాలిలో వదిలితే ఎవరైనా నమస్కారం పెట్టి పక్కకు పోవచ్చు. వారానికి ఒక రోజు అన్నప్పుడు కలెక్టరు ఆ రోజు ఏ రోజో చెప్పాలి.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన దీక్ష మొదలైంది. డిసెంబరు 15 రాత్రి, 58వ రోజున ప్రాణం పోయింది. ఈ రెండు తేదీల మధ్య నెహ్రూ రాజాజీకి రాసిన ఒక లేఖ ఉంది. డిసెంబరు 3 నాటిది. ఆంధ్ర రాష్ట్రం కోసం ఏదో దీక్ష జరుగుతోందనీ, తనకు కంగారు టెలిగ్రాములు వస్తున్నాయనీ, తాను ఏమాత్రం చలించడం లేదనీ, దాన్ని పూర్తిగా పక్కన పెట్టదలచాననీ దాని సారాంశం. డిసెంబరు 19న అదే నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. ఈ రెండు వాక్యాలకు నడుమ పదహారు రోజులు, ఒక శవం, ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు, కాల్పుల్లో పోయిన ప్రాణాలు. పార్లమెంటులో చదివిన ప్రకటన మనకు పాఠ్యపుస్తకంలో ఉంది. ప్రైవేటుగా రాసిన వాక్యం చాలాకాలం ఎవరికీ తెలియదు. ప్రభుత్వం బయటికి చెప్పే మాటను చదివేటప్పుడు, అది మారడానికి ముందు లోపల ఏ మాట ఉండిందో ఊహించుకోవడం నేను ఈ లేఖ చదివాకే నేర్చుకున్నాను.

ఆ ప్రకటనలో మద్రాసు నగరం లేదు. ‘మదరాసు మనదే’ అని అప్పటికి ఎన్నో ఏళ్ళుగా జనం అరుస్తూ వచ్చారు. మకారం మీద మకారం పడి నోటికి ఎంతో సులువుగా తిరిగే నినాదం. ఆ నినాదం తెలుగువాళ్ళను ఒక్కటి చేసింది, కాదనను. కానీ ఆ సులువే మరొక పని కూడా చేసిందని నా అభిప్రాయం. వేదిక మీద ఆ మాట మోగాక, మద్రాసు రాకపోతే రాజధాని ఎక్కడ, నీళ్ళు ఎవరివి, రాయలసీమకు ఏమిటి అని అడగబోయినవాడు ద్రోహిలా కనిపించే స్థితి వచ్చింది. రాష్ట్రం వచ్చాక డేరాల్లో కార్యాలయాలు నడుపుకోవలసి వచ్చిన కర్నూలు రోజులు, ఆ ముందు జరగకుండా పోయిన చర్చకు చెల్లించిన వెల. నినాదం జనాన్ని కూడగట్టినంత బాగా లెక్క కట్టలేదు.

నా బుద్ధి ఎరిగిన కాలంలో, మా కళ్ళెదుట పుట్టిన మాట ఒకటి ఉంది. దాని గురించి నేను ఎక్కువ రాయకుండా ఉండలేను.

మా అమ్మమ్మది కలిగిరి పక్కన పల్లె. నేను నాలుగైదేళ్ళు అక్కడే ఉండి చదువుకున్నాను. 1991లో ఆ ప్రాంతమంతా రాత్రి బడులు నడిచాయి. అక్షరదీపం కార్యక్రమం అది. సాయంత్రం వంట ముగించి, పలక చంకన పెట్టుకుని, అమ్మమ్మ రామాలయం అరుగు దగ్గరికి పోయేది. లాంతరు పట్టుకుని వెళ్ళే పని నాది. పాఠం చెప్పే వాలంటీరు మా వీధి పిల్లవాడే. అక్షరాలు అయ్యాక ఇచ్చిన పుస్తకంలో సీతమ్మ కథ ఒకటి ఉండేది. సారా వల్ల సంసారం చితికిపోయిన ఆడమనిషి కథ. అమ్మమ్మ వేలు పెట్టి ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ చదివి, ఆగి, ‘ఇది మనూరి కతే అబ్బయా, దీన్ని పొస్తకంలో ఎవురు రాసినారు?’ అంది. తన ఇంటి గోడల మధ్య ఉన్న సంగతి అచ్చులో కనపడటం ఆమెకు మొదటిసారి. అది అందరికీ ఉన్న కష్టమని, అందరూ అనదగిన మాటని ఆ అచ్చు ఆమెకు చెప్పింది.

కలిగిరి మండలంలోని దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మగారి పేరు అప్పుడే మా చెవిన పడింది. ఆ ఊరి కథ తర్వాతి అక్షరాస్యత పుస్తకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమైంది. ఆ పాఠం చదివి పక్క ఊళ్ళు లేచాయి. పుస్తకంలో నుంచి ఊళ్ళోకి, ఊళ్ళో నుంచి పుస్తకంలోకి, మళ్ళీ పుస్తకంలో నుంచి ఇంకొక వంద ఊళ్ళలోకి మాట నడిచిన తీరు అది. నేను చదివిన ఏ చరిత్రలోనూ ఇంత స్పష్టంగా మాట పని చేయడం చూడలేదు.

వాళ్ళు అన్నది చాలా చిన్న మాట. మా ఊరికి సారా రావద్దు. అంతకు ముందు ఈ విషయం మీద మాట్లాడితే, తాగేవాడి బుద్ధి గురించి, ఆడదాని ఓర్పు గురించి మాట్లాడేవాళ్ళు. ‘వాడి సంపాదన, వాడి ఒళ్ళు’ అనేవాళ్ళు. ఈ చిన్న మాటతో ప్రశ్న ఇంటి గడప దాటి వెళ్ళి కలెక్టరు ఆఫీసు గేటు దగ్గర ఆగింది. సారా వేలం పాట పాడుతున్నది ఎవరు, పాడిస్తున్నది ఎవరు, పల్లెలకు పాకెట్లు ఏ బండిలో, ఎవరి లైసెన్సుతో వస్తున్నాయి? తాగే నీళ్ళు తేలేని ఊరికి తాగే సారా మాత్రం పొద్దున్నే ఎట్లా వస్తుందని మా అమ్మమ్మ అడగడం నాకు బాగా గుర్తు. ఆమె జీవితంలో ప్రభుత్వాన్ని ఉద్దేశించి వేసిన మొదటి ప్రశ్న అదే అయి ఉండాలి. 1992లో నెల్లూరులో సారా పాటలు జరగబోతే ఆడవాళ్ళు లారీల్లో, ట్రాక్టర్లలో వెళ్ళి అడ్డుకున్నారు. పాటలు ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. అమ్మమ్మ ఒకసారి వెళ్ళింది. తెల్లవారుజామున సద్ది మూట కట్టుకుని వెళ్ళి, రాత్రికి గొంతు పోయి వచ్చింది. రెండు రోజులు సైగలతోనే మాట్లాడింది.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి సరిగ్గా 40 ఏళ్ళు నిండిన రోజు అది. కావాలని ఎంచుకున్నారో లేదో గానీ, నాకు ఆ తేదీ ఎప్పుడూ రెండు సంగతులతోనే గుర్తుకొస్తుంది.

ఆ తర్వాత ఆ మాటను పెద్దవాళ్ళు తీసుకున్నారు. ‘సారా వద్దు’ అన్నది ‘సంపూర్ణ మద్యనిషేధం’ అయింది. 1994 డిసెంబరు 12న ఎన్టీ రామారావుగారు ప్రమాణస్వీకారం చేసిన వేదిక మీదే దానికి సంబంధించిన ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరిలో నిషేధం అమలైంది. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం దాన్ని సడలించింది. సారా మీద నిషేధం మాత్రం పోలేదు. రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్ళు అడిగినంత మేరకు నిలిచింది, వేదిక మీద దానికి కలిపినదంతా రెండేళ్ళలో కొట్టుకుపోయింది. దీనికి ఆదాయం, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ సరుకు, అధికారుల అలసత్వం అని ఎన్నో కారణాలు చెబుతారు, అవన్నీ నిజమే. నాకు తోచే కారణం ఇంకొకటి. సారా వద్దన్న మాటకు ప్రతి ఊళ్ళో కాపలా ఉంది. ఫలానా ఇంటి వెనక పాకెట్లు దించారని చెప్పే మనిషి ఉంది, అడ్డం పడుకునే మనిషి ఉంది. సంపూర్ణ మద్యనిషేధమన్న మాటకు కాపలా ఒక శాఖకు అప్పగించారు. 1954లో పంతులుగారి ప్రభుత్వాన్ని కూల్చిన నిషేధమూ పై నుంచి వచ్చినదే కదా. మాట ఒకటే అయినా అది ఏ దిక్కు నుంచి వచ్చిందన్నది తేడా తెచ్చింది.

అమ్మమ్మ చివరి దాకా ఒక అలవాటు వదల్లేదు. టీవీలో ఏ మంత్రి ఏ ప్రకటన చేసినా, ‘సంతకం ఎవురు పెట్టినారు?’ అని అడిగేది. తన పేరు తాను రాయడం నలభై ఏడో ఏట నేర్చుకున్న మనిషికి సంతకమంటే ఏమిటో మాకంటే బాగా తెలుసు.

ఈ కాలపు మాటల గురించి ఎక్కువ రాయడానికి మనసు రావడం లేదు. పొద్దున్నే ఫోనులో మహానుభావుల ఫొటో కింద వాళ్ళు ఎన్నడూ అనని వాక్యాలు వస్తాయి. అన్నారా లేదా అని అడిగితే, మంచి మాటే కదా సార్ అంటారు. మంచి మాటే. కానీ దానికి పూచీ ఉన్న మనిషి లేడు. ఒకరు అనని మాటను వాళ్ళకు అంటగట్టడం వాళ్ళు అన్న మాటను చెరిపేయడంతో సమానమని నేను మా విద్యార్థులకు చెబుతూ ఉంటాను.

ఒక మాట పుట్టడం కంటే, ఉన్న మాటను చేతులు మార్చుకోవడం ఇంకా పెద్ద మార్పు తెచ్చిన సందర్భాలు మా వైపే ఉన్నాయి. శ్రీరాములుగారు అట్టల మీద ప్రచారం చేసింది ‘హరిజనుల’ కోసం. అది గాంధీగారు వ్యాప్తి చేసిన మాట, దయతో పెట్టిన పేరు. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మీద జరిగిన దాడిలో ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్ళు ఊరు వదిలి చీరాల చేరారు. అక్కడి నుంచి దళిత మహాసభ పుట్టింది. ఆ తర్వాతనే తెలుగు పత్రికల్లో, సభల్లో, చివరికి మా స్టాఫ్ రూముల్లో కూడా ‘హరిజన’ తగ్గి ‘దళిత’ నిలబడింది. ఎవరో పెట్టిన పేరు పోయి, తమకు జరిగినదాన్ని చెప్పే పేరును తామే తెచ్చుకున్నారు. ఆ ఒక్క మాట మారగానే, జాలి చూపించాలా వద్దా అన్న చర్చ పోయి, న్యాయం ఎప్పుడన్న చర్చ మొదలైంది.

1994 జులై 7న ఒంగోలు దగ్గర ఈదుముడి గ్రామంలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఏర్పడింది. మంద కృష్ణ తన పేరు చివర ‘మాదిగ’ అని చేర్చుకున్నారు. అంతవరకూ తిట్టుగా వాడిన మాటను వేల మంది తమ పేర్ల చివర సంతకంలా పెట్టుకున్నారు. ఉద్యమానికి జనం పిలిచిన పేరు దండోరా. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణకు 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో మాలలకూ మాదిగలకూ మధ్య వాదం ముగిసిందని నేను అనను. రెండు వైపులా నాకు విద్యార్థులున్నారు, ఇద్దరి భయాలూ విన్నాను. కానీ ఈదుముడిలో పెట్టుకున్న పేరు ముప్ఫై ఏళ్ళకు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళింది.

దండోరా అన్న మాట ఎందుకంత గట్టిగా పట్టిందో నాకు మా అమ్మమ్మ ఊళ్ళో ఒక ముసలాయన చెప్పాడు. ఆయన, ఆయన తండ్రి, తాత అందరూ ఊళ్ళో చాటింపు వేసినవాళ్ళు. శిస్తు కట్టమన్నా, చెరువు తూము ఎత్తుతున్నారన్నా, గేదె తప్పిపోయిందన్నా డప్పు కొట్టి వీధి వీధినా చెప్పవలసింది ఆయనే. ‘ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా’ అని మొదలుపెట్టి, ఎవరు చెప్పమన్నారో వాళ్ళ మాట చెప్పి, వాళ్ళు పెట్టింది తీసుకుని పోవడమే. ఊళ్ళో అందరికంటే పెద్ద గొంతు ఆయనది. ఆ గొంతులో ఆయన మాట మాత్రం ఒక్కటీ లేదు.

ఈదుముడి తర్వాత జరిగిన ఒక సభకు ఆయన డప్పు భుజాన వేసుకుని వెళ్ళాడట. మొన్న పల్లెకు పోయినప్పుడు ఆయన పక్కన అరుగు మీద కూర్చుని, ఆ సభలో ఏం చేశావు పెద్దాయనా అని అడిగాను. కొట్టాను అబ్బయా, చేతులు వాచేదాకా కొట్టాను అన్నాడు. ఆ అమ్మాయి గుర్తొచ్చి, తర్వాత ఏమైంది అన్నాను.

‘తర్వాతా? రాత్రి బస్సు తప్పిపోతే నడిచి ఊరికొచ్చినాం. తెల్లారి డప్పు మంటకు కాచుకుంటా ఉంటే, శిస్తు చాటింపు వెయ్యమని మనిషొచ్చినాడు. కూలెంతో ముందు చెప్పమన్నా.’